పుల్ల సార్ తాగిన సూపు

ఆ గదిలో ఒకటే నియమం: ఏం నోట్లో పెట్టుకున్నా మింగకూడదు. పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఒక తెల్ల పళ్ళెం, ఒక నీళ్ళ గ్లాసు, మూతున్న ఒక స్టీలు గిన్నె ఉంటాయి. పళ్ళెంలోకి బిస్కెట్ ముక్క వస్తుంది. దాన్ని కొరికి, నమిలి, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, గిన్నెలో ఉమ్మెయ్యాలి. నోరు పుక్కిలించి ఇంకో ముక్క అందుకోవాలి. బిస్కెట్ల ఫ్యాక్టరీలో దీన్ని రుచుల గది అంటారు. బయటివాళ్ళకు చెబితే అబ్బ, అదృష్టమంటే మీదే అంటారు. పొద్దస్తమానం తీపి నమిలి ఉమ్మేవాళ్ళకు మాత్రం ఇంటికెళ్ళి పచ్చి ఉల్లిపాయ కొరికితే గానీ నోరు నోరులా ఉండదు.

ఆ గదిలో అందరికంటే పాత మనిషి రుచక్క. ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. బక్కపలచని మనిషి, మాట కటువు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా ఒక మాట అంటే మర్చిపోయే రకం కాదు. చిన్నప్పుడు చెయ్యని తప్పుకు కొట్టిన టీచరుకు వీడ్కోలు సభ పెడితే, పనిగట్టుకుని వెళ్ళి, మొదటి వరుసలో కూర్చుని, ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టకుండా ఆవిడనే చూసి వచ్చింది. ఎందుకక్కా ఈ పంతం అని చెల్లెలు అడిగితే, "కొట్టినామె మర్చిపోవచ్చు, దెబ్బలు తిన్నదాన్ని నేను ఎందుకు మర్చిపోవాలి?" అంది. మంచితనం గురించి ఎవరెన్ని చెప్పినా, ఆ మాటలో న్యాయం లేదని అనడం కష్టం.

రుచుల గదివాళ్ళు ఏం చెప్పినా ఆఖరి తీర్పు వాళ్ళది కాదు. తీర్పు పక్క గదిలో జరిగేది. అక్కడ మెత్తటి సోఫాలు, గోడకు పెద్ద టీవీ, కిటికీలకు తెరలు ఉండేవి. దారిన పోయేవాళ్ళను పిలిచి, అప్పటికే భోజనం చేసి వచ్చారా లేదా అని మరీ అడిగి, తిన్నవాళ్ళనే కూర్చోబెట్టి సినిమా వేసేవారు. ఒళ్ళో తలా ఒక గిన్నెడు బిస్కెట్లు పెట్టేవారు. సినిమా అయిపోయాక వాళ్ళను బాగుందా అని అడిగేవారు కాదు. గిన్నెలు తీసుకుని, మిగిలింది తూకం వేసేవారు. ఏ రకం తక్కువ మిగిలితే అది బజారుకెళుతుంది, ఎక్కువ మిగిలింది చెత్తలోకెళుతుంది. ఫ్యాక్టరీలో అందరి నోటా ఒకటే మాట నలిగేది: మిగులెంత?

ఈ మిగులు పద్ధతి పెట్టిన మహానుభావుడు రుచుల విభాగానికి పెద్ద. కింది పనివాళ్ళు ఆయన్ని చాటుగా పుల్ల సార్ అనేవారు. ఎండుపుల్లలా ఉండేవాడు మరి. చొక్కా ఎప్పుడూ నలగదు, బెల్టు చివరి చిల్లుకు తప్ప పెట్టడు, మేడ మీదికి లిఫ్టులో రాడు. తన ఫ్యాక్టరీ బిస్కెట్ ఒక్కటి కూడా ఆయన జన్మలో నోట్లో పెట్టుకోలేదు. రుచి చూడకుండా ఎలా తెలుస్తుంది సార్ అని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే నవ్వేవాడు.

"నాలుక అబద్ధం చెబుతుందయ్యా. మిగులు చెప్పదు. ఆకలేసినవాడు కడుపు నిండగానే ఆపేస్తాడు, వాడితో మనకేం లాభం? ఆకలి లేనివాడి చేత తినిపించాలి. మరీ తియ్యగా ఉంటే మొహం మొత్తుతుంది, కాస్త ఉప్పు తగలాలి. గట్టిగా ఉంటే నమలాలి, నమిలితే కడుపుకు తెలిసిపోతుంది. నోట్లో వెయ్యగానే కరిగిపోవాలి. కడుపుకు కబురు అందేలోపు చేతి పని అయిపోవాలి."

ఆ కొలతలతోనే ఒక పూత పొడి తయారైంది. చక్కెర, ఉప్పు, వెన్నలాంటి ఒక కొవ్వు, పాలపొడి, ఇంకా ఏవేవో కలిపిన లేత పసుపు పొడి అది. ఏ బిస్కెట్ మీద చల్లినా పక్క గదిలో గిన్నెలు ఖాళీ అయ్యేవి. రుచక్క దాన్ని మొదటిసారి నాలుక మీద వేసుకున్న రోజు ఉమ్మడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. అన్నేళ్ళలో ఆమెకు అలా జరగడం అదే మొదలు.

రుచక్క చెల్లెలు అదే ఫ్యాక్టరీలో ప్యాకింగులో పనిచేసేది. అక్క ఎంత కటువో చెల్లెలు అంత నవ్వు మొహం. అక్కాచెల్లెళ్ళిద్దరూ బట్టలుతికే దుకాణం మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళు. పెళ్ళిళ్ళు కాలేదు, కాలేదని బాధపడే తీరికా లేదు. ప్యాకింగు వాళ్ళకు కంపెనీ ఇచ్చే ఒక వరం ముక్కల సంచి. విరిగిన బిస్కెట్లు, అంచులు, పొడి కలిపి వారం చివర తలా ఒక సంచి ఇంటికిచ్చేవారు. రోజంతా యంత్రం పక్కన నిలబడి కాళ్ళు పీక్కుపోయి వచ్చే మనిషికి పొయ్యి వెలిగించే ఓపిక ఎక్కడుంటుంది? చెల్లెలు టీవీ ముందు కూలబడేది, సంచి ఒళ్ళో పెట్టుకునేది. "నాలుగు ముక్కలే అక్కా, నోట్లో ఏదో ఒకటి ఆడాలి కదా" అనేది. ఆ నాలుగు ముక్కలకు అంతుండేది కాదు. సంచి అడుగు తగిలాక తన చేతి వంక తానే వింతగా చూసుకునేది.

ఏళ్ళు గడిచేకొద్దీ చెల్లెలు లావెక్కింది, షుగరొచ్చింది. ఆ సంగతి డాక్టరు చెప్పిన కొన్నాళ్ళకే ఫ్యాక్టరీలో ఆరోగ్య దినం పెట్టారు. పనివాళ్ళందర్నీ గోదాములో కూర్చోబెట్టారు. పుల్ల సార్ వేదికెక్కి, జనం వంక కలయజూసి, "నువ్వమ్మా, నువ్వే, ఇలా రా" అని వేలు పెట్టి చూపించాడు. అందరిలో లావుగా ఉన్నది చెల్లెలే. ఏదో బహుమతి అనుకుని చీర సర్దుకుంటూ నవ్వుతూ వెళ్ళింది పిచ్చిది.

ఆయన ఆమె పక్కన నిలబడ్డాడు. పుల్ల పక్కన మూట. జనం అప్పుడే కిసుక్కుమన్నారు.

"చూడండి. మన బిస్కెట్ ఎవరి గొంతులోకీ దానంతట అది దూకదు. చెయ్యి మనది, నోరు మనది. అదుపు లేనివాళ్ళే తిండిని తిడతారు. నేను ఏ గిన్నె ముందు పెట్టుకున్నా సగం వదిలేసి లేస్తాను. అంతే, చాలా తేలిక. ఏమ్మా, సగం వదిలెయ్యడం అంత కష్టమా?"

"లేదు సార్" అంది చెల్లెలు. గోదాము గొల్లుమంది. చెల్లెలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక వరుసలో రుచక్క పళ్ళు నూరుతూ నిలబడింది.

ఆ నవ్వు చెల్లెలికి ఖరీదైపోయింది. అప్పటినుంచి చాటుగా తినడం మొదలెట్టింది. అక్క ముందు సగం వదిలేసేది, అక్క స్నానానికి వెళ్ళగానే తలుపు వెనక గబగబా మింగేది. కాలికి చెప్పు కరిచి పుండు పడితే దాచింది. డాక్టరు దగ్గరికెళితే ఏం తింటున్నావని అడుగుతాడు, నిజం చెబితే తిడతాడు, ఆ మాట ఇంకోసారి పడే శక్తి తనకు లేదు. మేజోడు తొడుక్కుని పుండు మీదే నడిచింది. వాసన వచ్చేదాకా రుచక్కకు తెలియలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది, కాలు మడమ పైదాకా తీసేశారు.

ఆసుపత్రి మంచం మీద మత్తు దిగాక చెల్లెలు అన్న మొదటి మాట, "తప్పు నాదే అక్కా. ఆ సార్ ముందే చెప్పాడు కదా."

రుచక్క మొహం అటు తిప్పుకుంది. కాలు పోయిందని ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది. కాలు తీసింది డాక్టరే అయినా, తప్పు నాదే అనే మాటను చెల్లెలి గుండెలో పెట్టింది మాత్రం పుల్ల సార్. దాన్ని పెరికి తీస్తే గానీ తనకు నిద్ర పట్టదని రుచక్కకు అక్కడే అర్థమైంది. మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుని, పగ తీర్చుకుంటానని తనకు తానే మాటిచ్చుకుంది.

ఆయన్ని కొట్టించాలనుకోలేదు, చంపాలని అసలే అనుకోలేదు. చస్తే ఆయనకేం తెలుస్తుంది? ఆయనకు తెలియాలి. చెయ్యి తన మాట వినకపోవడం ఎలా ఉంటుందో, కడుపు వద్దంటుంటే నోరు తెరుచుకోవడం ఎలా ఉంటుందో ఆ ఎండుపుల్లకు తెలిసి రావాలి.

అధికారుల భోజనాల గది మేడ మీద ఉంది. అక్కడ వంటావిడ మానేస్తోందని తెలియగానే రుచక్క వెళ్ళి ఆ పని తనకిమ్మని అడిగింది. నాలుక మొద్దుబారిపోయింది, ఇక రుచులు తెలియడం లేదని అబద్ధం చెప్పింది. రుచుల గదిలోంచి గరిటె పట్టుకోవడానికి వెళ్ళడమేమిటని తోటివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చెల్లెల్ని చూసుకోవాలి, ఇక్కడైతే పెందలాడే ఇంటికెళ్ళొచ్చు అంది. అదీ అబద్ధమే. చెల్లెలికి కూడా అదే చెప్పింది.

మిగతా అధికారులు ఏది పెడితే అది తినేవారు. పుల్ల సార్‌కు మాత్రం వేరే గిన్నె ఉండేది. ఉడికించిన కూరగాయల సూపు, వెన్న లేని రొట్టె ముక్క. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, సూపు సరిగ్గా సగం తాగి, చెంచా పక్కన పెట్టేవాడు. చెంచా పెడుతూ చుట్టూ ఒకసారి చూసేవాడు, తను ఆపేశానని అందరూ గమనించారో లేదోనని. కుర్ర అధికారులు గమనించినట్టు మొహాలు పెట్టేవారు.

పూత పొడి దొరకడం కష్టం కాలేదు. పరీక్షలయ్యాక మిగిలిన పొట్లాలను రుచుల గది వెనక పారబోయడానికి పడేసేవారు. రుచక్క కొన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది. మొదటి రోజు సూపులో చిటికెడే వేసింది. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గిన్నెలు అందించే చిన్న కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. పుల్ల సార్ ఎప్పట్లా సగం తాగాడు, చెంచా పెట్టాడు, చుట్టూ చూశాడు. రుచక్క ఏమీ తొందరపడలేదు.

ఆమె పట్టుకున్న మార్గం ఆయన నేర్పిందే. మోతాదు ఒక్కసారిగా పెంచలేదు. తీపి తెలియకుండా ఉప్పు సరిచూసింది. కూరగాయల ముక్కలు పళ్ళకు తగలకుండా మెత్తగా నలిపేసింది. సూపు గొంతులోకి దానంతట అది జారేలా చేసింది. ఇక ఆ పొడి రుచి గుర్తుపట్టగలిగే మనిషి ఆ గదిలో ఎవరైనా ఉన్నారంటే అది పుల్ల సారే అయి ఉండాలి. కానీ ఆయన దాన్ని తయారు చేయించాడే తప్ప నాలుక మీద వేసుకున్న పాపాన పోలేదు. తన ఇంటి కుక్క తననే కరిచినా ఏ కుక్కో తెలుసుకోలేని స్థితి ఆయనది.

గిన్నెలో మిగిలేది తగ్గడం మొదలైంది. ముందు సగం కంటే కాస్త కిందికి దిగింది. తర్వాత అడుగున రెండు చెంచాలే మిగిలాయి. చెంచా పెట్టి చుట్టూ చూసే అలవాటు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. ఒక రోజు అడుగు కనబడింది. ఆ గిన్నెను రుచక్క కడగకుండా కాసేపు అలాగే పట్టుకుని చూసుకుంది. కన్నతల్లి కూడా బిడ్డ మొదటి ముద్ద మింగినప్పుడు అంత మురిసిపోయి ఉండదు.

ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గరికి గిన్నె పట్టుకుని తనే వచ్చాడు.

"ఇవాళ చలిగా ఉంది కదా. ఇంకో గరిటె పొయ్యి."

"అలాగే సార్."

"రుచి కోసం కాదమ్మా. చలికి."

"తెలుసు సార్" అంది రుచక్క, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

చలి పోయి ఎండలొచ్చినా రెండో గరిటె ఆగలేదు. రొట్టె ముక్కకు తోడు ఇంకోటి వచ్చింది. బెల్టు చిల్లులు ఒక్కొక్కటే ఇవతలికి జరిగాయి. చొక్కా గుండీలు బిగిసి, మధ్యలో సందులు కనపడసాగాయి. మెట్లెక్కేవాడు లిఫ్టు ముందు నిలబడటం మొదలెట్టాడు. మోకాలు నొప్పి అన్నాడు, కుర్చీ మంచిది కాదన్నాడు, వయసన్నాడు, నిద్ర చాలడం లేదన్నాడు. కుర్ర అధికారులు అన్నిటికీ తలూపి, ఆయన వెనక్కి తిరగ్గానే బుగ్గలు ఉబ్బించి చూపించుకునేవారు. పుల్ల సార్ అనే పేరు మాత్రం మారలేదు. ఆ పేరు వినబడినప్పుడల్లా జనానికి అంతకుముందు లేని నవ్వొకటి వచ్చేది.

పాపం అనిపించలేదా అంటే, రుచక్కకు అనిపించలేదు. సాయంత్రం ఇంటికెళితే చెల్లెలు మంచం అంచున కూర్చుని మోడు కాలికి గుడ్డ చుట్టుకుంటూ ఉండేది. ఆసుపత్రిలో ఇచ్చిన చంక కర్ర మూలనే ఉంది, ఆపరేషనైనప్పటినుంచీ మెట్లు దిగలేదు. జనం చూస్తారట. చూసి ఏమనుకుంటారో తనకు తెలుసట. "తిని తిని తెచ్చుకుంది అంటారు. నిజమే కదా" అనేది. ఆ మాట విన్న మర్నాడు పుల్ల సార్ సూపులో పొడి మరో చిటికెడు పెరిగేది.

ఒక మధ్యాహ్నం అందరూ తినేసి వెళ్ళాక ఆయన ఒక్కడే మిగిలాడు. గిన్నె ఖాళీ అయింది. చెంచాతో గీకాడు, ఇక చెంచాకు ఏమీ రావడం లేదు. తలుపు వంక చూశాడు. ఎవరూ లేరు. గిన్నె రెండు చేతులా ఎత్తి వెలుగుకు పట్టి చూసి, చూపుడు వేలితో అంచంతా తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తుడిచాడు. కిటికీ ఇవతల రుచక్క ఊపిరి బిగబట్టి చూసింది. ఆ దృశ్యం చూడటానికే తను అన్ని నెలలు గరిటె పట్టుకుంది. అప్పుడు ఆమెకు కలిగిన ఆనందం మంచిది కాదు, కానీ అది ఆనందమే.

ఇంకొన్నాళ్ళకు ఆయన రెండు రోజులు పనికి రాలేదు. వచ్చిన రోజు భోజనాల వేళ దాటాక, ఎన్నడూ లేనిది, వంటగది లోపలికే వచ్చి తలుపు మూశాడు. మొహం పీక్కుపోయింది, ఒళ్ళు మాత్రం పీక్కుపోలేదు.

"డాక్టరు షుగరన్నాడు" అన్నాడు స్టూలు మీద కూలబడుతూ. "నేను చక్కెర ముట్టను. బిస్కెట్ ముట్టను. ఈ సూపు తప్ప ఏం తింటున్నాను చెప్పు?"

రుచక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"రేపట్నుంచి తాగనని రోజూ పొద్దున్నే ఒట్టు పెట్టుకుంటాను. పది దాటేసరికి కాళ్ళు వాటంతట అవే ఇటు నడుస్తాయి. కడుపు నిండిపోయి నొప్పెడుతున్నా చెంచా ఆగదు." గొంతు తగ్గించాడు. "నాలో ఏదో లోపముందమ్మా. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. నీకెందుకు చెబుతున్నానో కూడా తెలియడం లేదు."

ఏడుస్తాడేమో అనిపించింది. రుచక్క ఏప్రన్ జేబులోంచి పూత పొడి పొట్లం తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. దాని మీద ఆయన విభాగం ముద్ర ఉంది.

ఆయన దాని వంక చూశాడు, పొయ్యి మీద గిన్నె వంక చూశాడు. అర్థమవడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"ఎప్పట్నుంచి?"

"నేనిక్కడ చేరిన రోజునుంచి."

"ఎందుకు? నేను నీకేం చేశాను?"

"మా చెల్లెల్ని వేదిక మీద నిలబెట్టి నవ్వులపాలు చేశారు. ఆ సిగ్గుతో పుండు దాచుకుని కాలు పోగొట్టుకుంది."

ఆయన నుదురు ముడిపడింది. నిజంగానే ఆలోచించాడు. "ఏ చెల్లెలు?" అన్నాడు.

అన్నిటికీ సిద్ధపడి ఉన్న రుచక్క దానికి మాత్రం సిద్ధపడలేదు. తిడతాడు, కొడతాడు, పోలీసులను పిలుస్తాడు అనుకుంది. గుర్తే లేదనుకోలేదు. ఎదురుగా కత్తిపీట ఉంది. ఒక్క క్షణం దాని వంక చూసింది, తర్వాత ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది.

"ఫిర్యాదు చేసుకోండి సార్. ఏమని చేస్తారు? మా పొడి తిని నేను ఇలా అయ్యానని రాయించండి. నేనూ వచ్చి సంతకం పెడతాను."

ఆయన పొట్లం అందుకున్నాడు. పొట్లం చించి, ఇన్నేళ్ళకు మొదటిసారి, వేలికి పొడి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి ఆ కళ్ళలో ఏడుపు లేదు. రుచక్క గుమ్మం దాటుతుంటే వెనకనుంచి వినబడింది, "ఆ గిన్నెలో మిగిలింది పారబొయ్యకు." ఇంకా తాగడానికేనని రుచక్క లోలోపల నవ్వుకుంది. పగ తీరిందనుకుంది. చెల్లెలికి మాత్రం ఏమీ చెప్పలేదు. మనిషి తినేదాంట్లో కలిపావా అని అసహ్యించుకుంటుందేమోనని భయం.

ఆ తర్వాత ఆమె ఒక బడి భోజనశాలలో గిన్నెలు కడిగే పనిలో కుదిరింది. పెందలాడే ఇంటికి వచ్చేది. మధ్యాహ్నం ఎండ ఇంకా తగ్గని ఒక రోజు తలుపు తీసేసరికి, చెల్లెలు మంచం మీద గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెంచాతో అడుగు గీకుతోంది. పక్కన ఖాళీ పొట్లాలు రెండున్నాయి. ఆకుపచ్చ కాగితం మీద ఆకు బొమ్మ, కూరగాయల బొమ్మలు, కింద తమ ఫ్యాక్టరీ ముద్ర.

"కొత్తగా వచ్చిందట అక్కా, కింద దుకాణం ఆవిడ తెచ్చిచ్చింది. కూరగాయల సూపు, వేణ్ణీళ్ళలో కలుపుకోవడమే. ఒంటికి మంచిదని రాశారు. డాక్టరు కూడా సూపు తాగమన్నాడు కదా." చెంచా నాకి, తల దించుకుంది. "ఒకటే తాగుదామనుకున్నాను. ఎంత తాగినా తాగినట్టే లేదు. నా బుద్ధి ఎప్పటికీ మారదులే."

రుచక్క గిన్నె లాక్కుని, మిగిలిన బొట్టు నాలుక మీద వేసుకుని, పాత అలవాటున తొట్టిలో ఉమ్మింది. అనుమానం లేదు. అదే ఉప్పు, అదే తీపి, అదే జారుడు. ఆ రోజు ఆయన గిన్నె ఎందుకు పారబొయ్యొద్దన్నాడో అప్పుడు తెలిసింది. తన పగను కూడా ఆ మనిషి పొట్లం కట్టి అమ్ముతున్నాడు. తను వండిన విషమే మెట్లెక్కి తన ఇంటికొచ్చి తన చెల్లెలి ఒళ్ళో కూర్చుంది.

ఆమె గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడింది. ఇక దాచి లాభం లేదు. అంతా చెప్పేసింది: వేదిక, అబద్ధం చెప్పి తెచ్చుకున్న వంట పని, చిటికెడు చిటికెడు పొడి, బెల్టు, లిఫ్టు, షుగరు, ఆఖరికి ఈ పొట్లం.

చెల్లెలి మొహం ఎర్రబడింది. "తిండిలో కలిపావా? అలా ఎలా చేశావే? ఆయన చచ్చిపోతే?"

"చావలేదు. బాగా తిన్నాడు."

చెల్లెలు ఖాళీ పొట్లం ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. కింద దుకాణంలో బట్టల యంత్రం ఆగి మళ్ళీ మొదలైంది.

"సగం వదిలెయ్యలేదా?" అంది చివరికి.

"మొదట్లో వదిలేశాడు. తర్వాత రెండో గరిటె అడిగాడు."

"అడిగాడా? ఆయనంతట ఆయనే?"

"చలికి అన్నాడు. ఎండాకాలంలో కూడా అడిగాడు. ఒకరోజు ఎవరూ లేరనుకుని గిన్నె ఎత్తి పట్టుకుని వేలితో తుడుచుకుని నాకాడు. నేను చూశాను. నా కళ్ళతో నేను చూశాను."

చెల్లెలు ముందుకు వంగింది. "తలుపు వంక చూసుకున్నాడా? తుడిచే ముందు?"

"చూసుకున్నాడు."

"నేనూ చూసుకుంటాను" అంది చెల్లెలు. "నువ్వు స్నానానికెళ్ళినప్పుడు. నీళ్ళ చప్పుడు వినబడుతోందా లేదా అని." చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "అంత చదువుకున్నవాడు. తయారు చేయించినవాడు. ఆయన వల్లే కాలేదన్నమాట."

"ఆయన వల్ల కూడా కాలేదు. కాళ్ళు వాటంతట అవే వస్తున్నాయని నా దగ్గర ఏడ్చినంత పని చేశాడు. నాలో ఏదో లోపముంది అన్నాడు."

"అలాగే అన్నాడా? ఆ మాటే?"

"ఆ మాటే."

చెల్లెలు కళ్ళు మూసుకుంది. "మళ్ళీ చెప్పు. వేలితో తుడుచుకోవడం దగ్గర్నుంచి చెప్పు."

రుచక్క మళ్ళీ చెప్పింది. మధ్యలో చెల్లెలు ఏ వేలు అని అడిగింది, చొక్కా గుండీలు ఎన్నో దాకా బిగిశాయని అడిగింది, కుర్ర అధికారులు బుగ్గలెలా ఉబ్బించారో చేసి చూపించమంది. అంతా విన్నాక ఆకుపచ్చ పొట్లాలు రెండూ తీసి, ముద్ర కనబడేలా మడతపెట్టి జాకెట్టులో దోపుకుంది. మంచం అంచుకు జరిగి, మోడు కాలి మీది గుడ్డ బిగించి కట్టుకుంది. ఆమె కళ్ళలో అప్పుడున్న చూపు రుచక్క అంతవరకు అద్దంలో తప్ప ఎక్కడా చూడలేదు.

"ఎక్కడికే?" అంది రుచక్క కంగారుగా.

"ఫ్యాక్టరీ గేటు దగ్గరికి. ఆ గోదాములో నవ్వినవాళ్ళంతా అక్కడినుంచే బయటికొస్తారు. ఒక్కొక్కళ్ళనీ ఆపి చెబుతాను, వేలితో సహా. నవ్వనీ ఎంత నవ్వుతారో. నువ్వు పక్కన నిలబడి సాక్ష్యం చెబుదువు గాని." చెయ్యి చాచింది. "నా కర్ర ఇటివ్వు. షిఫ్టు దిగే వేళయింది."